రోజ్‌మేరీ: ఆకు వేరు, తైలము వేరు

మన ఇండ్లలోనికి ఒక కొత్త ఆకు వచ్చి చేరినది. గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలోని పెద్ద దుకాణాలలో కొత్తిమీర, పుదీనా కట్టల సరసనే, సరుగుడు కొమ్మను తలపించే పచ్చని రెమ్మలు చిన్న పెట్టెలలో కనబడుతున్నవి. అవి రోజ్‌మేరీ రెమ్మలు. ఉద్యోగరీత్యా విదేశాలలో కొన్నాళ్లు ఉండి తిరిగివచ్చిన వారు ఆ రుచిని అక్కడినుండి వెంట తెచ్చుకొన్నారు. వారి పిల్లలు దానిని పిజ్జా మీదనో, వేయించిన ఆలుగడ్డల మీదనో ఎరుగుదురు. ఎత్తైన భవనాలలో కాపురమున్నవారు బాల్కనీలో ఒక కుండీ తెచ్చి పెట్టుకొంటున్నారు. ఇక జుట్టు రాలుతున్నదని దిగులుపడేవారు అదే పేరు గల నీటిని, తైలాన్ని సీసాలలో కొంటున్నారు.

ఇక్కడనే ఒక చిక్కు వచ్చినది. కుండీలోని ఆకు, ఆ ఆకును మరిగించిన నీరు, బట్టీలో దింపిన తైలము - ఈ మూడింటికీ పేరు ఒకటే. పేరు ఒకటి కావడంతో గుణమూ ఒకటే అనుకొంటాము. ఆకు మంచిదైతే దాని సారము మరింత మంచిది గదా అని తోస్తుంది. అందుచేత పసిబిడ్డ మాడుకు తైలం అంటే తల్లులు ఉన్నారు. వేడినీటిలో నాలుగు చుక్కలు వేసుకొని తాగేవారూ ఉన్నారు. వంటకు వాడినంతమేర రోజ్‌మేరీ ఆకు నిరపాయమైన వస్తువు. రోజ్‌మేరీ తైలం మందు వంటిది. మోతాదు తప్పితే విషము వంటిది. ఈ భేదం బోధపడవలెనంటే ముందు మొక్కను గూర్చి కొంత తెలుసుకొనవలె.

రోజ్‌మేరీ మన నేలలో పుట్టినది కాదు. అందువలన తెలుగు ఇంటి వాడుకలో దానికి స్థిరపడిన పేరు లేదు. దాని పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరము. స్పెయిన్, ఇటలీ, గ్రీసు, మొరాకో, ట్యునీషియా దేశాలలో సముద్రానికి ఎదురుగా ఉండే రాతి గుట్టల మీద అది దానంతట అదే పెరుగుతుంది. లాటిన్ భాషలో దాని పేరుకు సముద్రపు మంచు అని అర్థము. యునానీ హకీములు దానిని ఇక్లీలుల్ జబల్, అనగా కొండ కిరీటము అంటారు. యునానీ వైద్యానికి హైదరాబాదు పెద్ద నెలవు గనుక ఈ పేరు మన నగరానికి అపరిచితము కాదు. అయితే పాతబస్తీ మందుల అంగళ్లలో ఇక్లీలుల్ మలిక్ అనే మరొక సరుకు దొరుకుతుంది. అది రాజ కిరీటము. మెంతి కుటుంబానికి చెందిన వేరొక మొక్క కాయలు. కిరీటము అన్నమాట విని ఒకదానికి బదులు మరొకటి తెచ్చుకొనరాదు. హిందుస్తానీలో కొందరు రోజ్‌మేరీని గుల్‌మెహందీ అంటారు గాని, అదే పేరుతో ఒక పూల మొక్క కూడా ఉన్నది. నర్సరీకి వెళ్లినప్పుడు రోజ్‌మేరీ అని ఇంగ్లీషు పేరు చెప్పి అడుగుటయే మేలు.

1753లో లిన్నేయస్ ఈ మొక్కకు రోజ్‌మరైనస్ అఫిషినాలిస్ అని పేరు పెట్టినాడు. అఫిషినాలిస్ అంటే ఔషధశాలకు చెందినది అని అర్థము. తరువాత జన్యు పరీక్షలలో ఇది సాల్వియా అనే మరొక పెద్ద ప్రజాతిలోనిదే అని తేలినందున 2017లో శాస్త్రజ్ఞులు దానిని ఆ వర్గంలో చేర్చినారు. ఇప్పుడు దాని పేరు సాల్వియా రోజ్‌మరైనస్. సీసాల మీద రెండు పేర్లూ కనబడుతవి. రెండూ ఒకే మొక్క.

పేరు పరాయిదైనను దాని చుట్టాలు మనకు బాగుగా తెలిసినవారే. తులసి, పుదీనా, మరువం, తుమ్మి, వామాకు - ఇవన్నీ రోజ్‌మేరీకి దాయాదులు. వినాయక చవితినాడు పూజించే ఇరవైయొక్క పత్రులలో తులసి, మరువకము రెండూ ఈ కుటుంబములోనివే. లేత కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలుగా తగులుతుంది. పువ్వు రెండు పెదవులుగా విచ్చుకొంటుంది. ఆకును నలిపితే ఘాటైన వాసన వస్తుంది, ఎందుకనగా ఆకు మీద కంటికి ఆనని తైలపు తిత్తులున్నవి. తులసికి చెప్పిన ఈ లక్షణాలన్నీ రోజ్‌మేరీకీ చెల్లుతవి. ఆకు ఆకారములో మాత్రం అది దారి మార్చినది. సూదివలె సన్నగా, తోలువలె మందముగా ఉంటుంది. అంచులు క్రిందికి మడిచినట్లుంటవి. పైభాగము ముదురు ఆకుపచ్చ. అడుగున తెల్లని నూగు. ఇదంతా నీటి పొదుపు. ఎండాకాలమంతా వాన చినుకు పడని కొండ మీద బ్రతకవలసిన మొక్క తనలోని తేమ ఆవిరైపోకుండ చేసుకొన్న ఏర్పాటు అది.

ఈ ఏర్పాటే మన ఊళ్లో దానికి ప్రాణాంతకముగా పరిణమిస్తున్నది. మధ్యధరా తీరములో వానలు చలికాలములో పడుతవి, వేసవి పొడిగా ఉంటుంది. మనకు అందుకు విరుద్ధము. జూన్ మొదలు సెప్టెంబరు దాకా, గాలి ఉక్కగా ఉన్న రోజులలో వాన కురుస్తుంది. నర్సరీ నుండి వచ్చిన కుండీ వేసవిలో బాగుగానే నిలుస్తుంది, శ్రావణమాసములో చనిపోతుంది. ఆకులు కొసలనుండి గోధుమరంగుకు తిరిగి రాలడము మొదలవుతుంది. ఎండిపోతున్నదని భ్రమపడి ఇంటివారు మరొక చెంబు నీరు పోస్తారు. నిజానికి తడి ఎక్కువై వేరు కుళ్లినది. వేరు కుళ్లినందున ఆకుకు నీరు అందలేదు. రోజ్‌మేరీ ఎండకు చావదు, నీటికి చస్తుంది. మన పెరళ్లలోని తులసికి రోజూ నీరు పోయడము ఆచారము. ఆ అలవాటు ఈ దాయాదికి పనికిరాదు.

గచ్చిబౌలి నేలకు ఒక సుగుణమున్నది. ఇది గ్రానైటు రాళ్ల ప్రాంతము. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న బండలను చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రాయి అరిగి అయిన ఎర్రని గరుసు మట్టిలో నీరు నిలువదు. రోజ్‌మేరీకి కావలసినది అదే. కుండీకి అడుగున రంధ్రముండవలె. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలిపి, అందులో మాగిన ఎరువు పిడికెడు చేర్చితే చాలును. ఎరువు ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది గాని వాసన పలుచబడుతుంది. మట్టిలో రెండు అంగుళాల లోతున వేలు పెట్టి, పొడిగా తగిలినప్పుడే నీరు పోయవలె. రోజుకు ఐదారు గంటల ఎండ తగిలే చోట పెట్టవలె. వానాకాలములో చూరు క్రిందికి జరిపి, గాలి ఆడే చోట ఉంచవలె. మే నెలలో మధ్యాహ్నపు వడగాలికి మాత్రము కొంత నీడ కావలె. బోరు నీరు ఉప్పగా లేనంతవరకు, అందులోని సున్నపు కాఠిన్యమునకు ఈ మొక్క జంకదు; దాని పుట్టింటి కొండలలో సున్నపురాయి విస్తారము.

విత్తనము వేసి ఎదురు చూడడము కంటే కొమ్మ నాటుకొనడము సులభము. నవంబరు, డిసెంబరు నెలలలో నాలుగు అంగుళాల లేత కొమ్మ తీసి, క్రింది సగము ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చితే కొన్ని వారాలలో వేరు పడుతుంది. వాడుకకు కోసేటప్పుడు ఎప్పుడూ ఆకు ఉన్న భాగములోనే కత్తిరించవలె. ఆకులేని ముదురు కట్టెదాకా నరికితే అక్కడినుండి మళ్లీ చిగురించడము అరుదు. మన దేశములో దీనిని పైరుగా పెంచేది నీలగిరి కొండల వంటి చల్లని చోట్ల. సుగంధ మొక్కల సాగును గూర్చి పరిశోధించే కేంద్ర ప్రభుత్వ సంస్థ శాఖ ఒకటి మన నగరములో బోడుప్పల్‌లో ఉన్నది. వ్యవసాయ దృష్టితో ఆసక్తి గలవారు అక్కడ విచారించవచ్చును. గచ్చిబౌలి బాల్కనీకి ఒక కుండీ చాలు. ఒక ఇంటి వంటకు అది మించి కూడా ఉంటుంది.

ఇక వంట సంగతి. ఈ ఆకును మన వంటలలోనికి తెచ్చేటప్పుడు అందరూ చేసే మొదటి పని కరివేపాకుకు బదులు తాలింపులో వేయడము. అది అంత మంచి పద్ధతి కాదు. కరివేపాకులో నీటిపాలు ఎక్కువ. కాగిన నూనెలో పడగానే ఆ నీరు చిటపటమని ఆవిరై, ఆకు కరకరలాడుతుంది. రోజ్‌మేరీ ఆకులో నీరు తక్కువ, జిగట ఎక్కువ. పొగలు వచ్చే నూనెలో అది క్షణములో మాడి చేదెక్కుతుంది. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడే రెమ్మ వేసి, సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు ఉంచి, రెమ్మను తీసివేసి, ఆ నూనెతో వంట సాగించడము సరియైన మార్గము. ఆకులోని వాసన ద్రవ్యాలు నీటిలో కంటే నూనెలో, నేతిలో బాగుగా కరుగుతవి. అందుచేతనే యూరపు దేశాలవారు దీనిని కొవ్వు గల మాంసముతోను, ఆలివ్ నూనెతోను జత చేసినారు.

మన వంటకాలలో దీనికి తగిన చోటు ఏది? ఆలుగడ్డలు మొదటివి. తొక్కతో సగము ఉడికించి, ముక్కలు కోసి, వెల్లుల్లి రేకులు, ఉప్పు, మిరియాలపొడి వేసి, పైన చెప్పినట్లు రెమ్మ కాచిన నూనెలో వేయించితే పిల్లలు ఇష్టముగా తింటారు. పుట్టగొడుగులకు, గుమ్మడికాయకు, పనీరుకు ఇదే పద్ధతి పనికివస్తుంది. మాంసాహారులకు హైదరాబాదు వంటలోనే ఒక మంచి దారి ఉన్నది. నిహారి వండేవారు వట్టివేరు మొదలైన సుగంధ ద్రవ్యాలను పలుచని గుడ్డలో మూటకట్టి పులుసులో వేస్తారు. దానిని పొట్లీ అంటారు. వంట పూర్తికాగానే మూట తీసివేస్తారు. ఫ్రెంచివారు రోజ్‌మేరీ వంటి ఆకులను దారముతో కట్టి కుండలో వేసి, తరువాత తీసివేయడమూ ఇదే. వేటమాంసపు పులుసులో రెండంగుళాల రోజ్‌మేరీ రెమ్మను ఒకదానిని పొట్లీలో చేర్చి చూడవచ్చును. ఎండినను ముదిరినను ఈ ఆకు సూదివలె గుచ్చుకొంటుంది గనుక పళ్లకు తగులకుండ మూటకట్టుటయే నయము. మూట లేనప్పుడు ఆకును దూసి బహు సన్నగా తరుగవలె.

టమాటా చారు దించిన తరువాత ఒక చిన్న రెమ్మను అందులో ముంచి, మూతపెట్టి, ఐదు నిమిషాలకు తీసివేస్తే చక్కని పరిమళము పడుతుంది. అయితే ఆ చారులో ఇంగువ వేయరాదు. రెండు ఘాటైన వాసనలు ఒకదానితో ఒకటి కలహిస్తవి. పెరుగు పచ్చడిలో, చింతపండు పులిహోరలో ఈ ఆకుకు పని లేదని నా అభిప్రాయము. దేనికైనను కొలత ఒకటే: నలుగురికి చేసే వంటకు ఒక చిన్న రెమ్మ. మించితే కూరకు మందు వాసన వస్తుంది.

ఆ మందు వాసన ఎక్కడిది? ఆకును నీటి ఆవిరితో బట్టీ పట్టితే నూటికి ఒకటి రెండు పాళ్లు తేలికైన తైలము దిగుతుంది. ఆ తైలములో ముఖ్యముగా మూడు ద్రవ్యాలున్నవి. ఒకటి సినియోల్, మన నీలగిరి తైలములో ప్రధాన ద్రవ్యము ఇదే. రెండవది కర్పూరము. మూడవది దేవదారు జాతి చెట్ల వాసననిచ్చే పైనీన్. మొక్క పెరిగిన దేశాన్నిబట్టి వీటి పాళ్లు మారుతవి. మొరాకో తైలములో సినియోల్ ఎక్కువ. స్పెయిన్ తైలములో కర్పూరము ఎక్కువ. ఈ కారణము చేతనే రోజ్‌మేరీ వాసన మొదటిసారి చూచిన హైదరాబాదీకి కూడ ఎక్కడనో తెలిసిన వాసనవలె తోస్తుంది. 1920 నుండి ఈ నగరములో తయారవుతున్న జిందా తిలిస్మాత్ సీసాలో నీలగిరి తైలము, కర్పూరము రెండూ ఉన్నవి.

బట్టీలో తైలము దిగిపోయిన తరువాత ఆకులో మిగిలేవి మరికొన్ని ఉన్నవి. అందులో కార్నోసిక్ ఆమ్లము, రోజ్‌మేరినిక్ ఆమ్లము ముఖ్యములు. రెండవదానిని 1958లో ఇటలీ రసాయన శాస్త్రజ్ఞులు ఈ మొక్కనుండియే వేరుచేసి, దీని పేరే పెట్టినారు. ఇవి వాసన లేనివి, కాని నూనెలు మక్కిపోకుండ కాపాడుతవి. గాలిలోని ప్రాణవాయువు నూనెను తాకి చెడగొట్టకుండ ఇవి అడ్డుపడుతవి. ఈ గుణమునుబట్టి 2010లో యూరోపియన్ యూనియన్ రోజ్‌మేరీ సారాన్ని ఆహార పదార్థాలలో కలుపదగిన ద్రవ్యాల పట్టికలో చేర్చినది. మాంసాన్ని ఎక్కువ సెగ మీద కాల్చేటప్పుడు పుట్టే కొన్ని హానికర పదార్థాలు రోజ్‌మేరీ సారము పూసినందున తగ్గుతున్నట్లు ప్రయోగాలలో తేలినది. ఈ మేలు తైలపు సీసాలో రాదు, ఆకులోనే ఉన్నది.

కనుక ఆకులో తైలము నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. సీసాలో నూటికి నూరు పాళ్లు. కూరలో వేసిన రెమ్మతో మన కడుపులోనికి పోయే తైలము ఒక చుక్కకు ఎంతో తక్కువ. సీసానుండి నాలుగు చుక్కలు తాగితే ఎన్నో రెమ్మలను ఒక్కసారి మింగినట్లే. తిరుపతి లడ్డులో పచ్చకర్పూరము చిటికెడు వేస్తారు. కర్పూరపు బిళ్లను ఎవరూ నమలరు గదా. ఈ పోలికను గుర్తుంచుకొంటే మిగతాది సుబోధకము.

జుట్టును గూర్చి ఇప్పుడు చెప్పవలె, ఏలయనగా ఈనాడు రోజ్‌మేరీ సీసాలు అమ్ముడుపోయేది ఎక్కువగా దాని కొరకే. నగరానికి పడమటి దిక్కున కొత్తగా కాపురాలు పెట్టిన యువతీయువకులలో జుట్టు రాలడము ఒక పెద్ద దిగులు. కొందరు బోరు నీటిని నిందిస్తారు, కొందరు రాత్రి ఉద్యోగాలను నిందిస్తారు. రోజ్‌మేరీ జుట్టు మొలిపిస్తుందన్న మాటకు ఆధారముగా అందరూ చూపేది 2015లో ప్రకటితమైన ఇరాన్ దేశపు ప్రయోగము. వంశపారంపర్యముగా బట్టతల వస్తున్న నూరుమందిని రెండు భాగాలు చేసి, యాభైమందికి రోజ్‌మేరీ తైలము, యాభైమందికి నూటికి రెండు పాళ్ల మినాక్సిడిల్ మందు ఆరు నెలలపాటు రాయించినారు. మూడు నెలలకు ఎవరిలోను మార్పు లేదు. ఆరు నెలలకు రెండు జట్లలోను వెంట్రుకల లెక్క కొంత పెరిగినది; రెండింటికీ నడుమ చెప్పుకోదగిన భేదము లేదు.

ఇది ఆశ కలిగించే ఫలితమే. కాని ఆ ప్రయోగములో మందు లేని ఉత్త నూనె రాసిన మూడవ జట్టు లేదు. రోజూ తలను మర్దించినందువలన గాని, కాలక్రమాన గాని ఎంత మార్పు వచ్చినదో అందుచేత తేలలేదు. పైగా మగవారికి వైద్యులు సాధారణముగా వ్రాసే మినాక్సిడిల్ ఐదు పాళ్లది. పోలిక పెట్టినది రెండు పాళ్లదానితో. అంతకుముందు 1998లో స్కాట్లాండులోని అబర్డీన్‌లో 86 మంది పేనుకొరుకుడు రోగులపై ఒక ప్రయోగము జరిగినది. తైలాలు రాసినవారిలో నూటికి 44 మందికి, ఉత్త నూనె రాసినవారిలో 15 మందికి గుణము కనబడినది. అయితే అక్కడ రాసినది రోజ్‌మేరీ ఒక్కటి కాదు. దానితోపాటు లావెండర్, థైమ్, సెడార్ తైలాలున్నవి. అందులో ఎవరి పాలు ఎంత అని విడదీయుటకు వీలులేదు. ఈ రెండింటిలోను వాడినది తైలము. ఆకు మరిగించిన నీటిని గూర్చి ఈ ప్రయోగాలు ఏమియు చెప్పలేదు. తైలము నీటిలో కరుగదు గనుక ఆ నీటిలోనికి చేరేది స్వల్పము. ఆ నీరు చల్లుకొంటే హాని లేదు, పరిమళముగా ఉంటుంది. రెండు మూడు రోజులకు మించి నిలువ ఉంచరాదు, చల్లని పెట్టెలోనే ఉంచవలె.

తైలము వాడదలచినవారు దానిని ఎన్నడూ నేరుగా తలకు రాయరాదు. ఒక టీ చెంచా కొబ్బరినూనెకు రెండు చుక్కలు, అంతే. మొదట మోచేతి మడతలో రాసి ఒక దినము చూడవలె. ఎర్రబడినను, దురద పుట్టినను మానివేయవలె. కండ్లకు తగలనీయరాదు. ఆరు నెలలు ఓపిక లేనివారికి దీనివలన ప్రయోజనము లేదు. అన్నిటికంటె ముఖ్యము, జుట్టు ఎందుకు రాలుతున్నదో ముందు తెలియవలె. టైఫాయిడ్ గాని, డెంగ్యూ గాని వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది. ప్రసవము తరువాతనూ అంతే. అది చాలామందిలో దానంతట అదే తిరిగివస్తుంది. ఆ సమయములో ఏ నూనె రాసినను కీర్తి ఆ నూనెకే దక్కుతుంది. రక్తహీనత, థైరాయిడ్ దోషము ఉన్నవారికి రక్తపరీక్ష, దానికి తగిన చికిత్స కావలె. వారు సీసా వెంట సీసా కొంటూ సంవత్సరము గడిపితే అసలు వ్యాధి ముదురుతుంది. గుండ్రని మచ్చలుగా జుట్టు ఊడినప్పుడు చర్మవైద్యునికే చూపవలె.

జ్ఞాపకశక్తికి రోజ్‌మేరీ మంచిదన్న నమ్మకము యూరపులో బహు ప్రాచీనము. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకములో ఒఫీలియా దానిని స్మృతిచిహ్నముగా ఇస్తుంది. మెల్బోర్నులో, సిడ్నీలో ఉన్న మన తెలుగువారు ఏటేటా ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా ప్రజలు ఈ రెమ్మను ఛాతీపై ధరించుట చూస్తూనే ఉంటారు. 1915లో గల్లిపోలిలో మరణించిన సైనికులను తలచుకొనే దినమది. ఆ ద్వీపకల్పములో ఈ మొక్క అడవిగా పెరుగుతుంది. విజ్ఞాన దృష్టితో చూస్తే, 2012లో ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయములో ఇరవైమందిని ఈ వాసన గల గదిలో కూర్చుండబెట్టి పరీక్షించినారు. రక్తములో సినియోల్ ఎక్కువ చేరినవారు కొన్ని లెక్కలను త్వరగా చేసినారు. ఇరవైమందితో చేసిన పరీక్షను పట్టుకొని పరీక్షలకు చదివే పిల్లల గదిలో సీసాలు తెరువనక్కరలేదు.

జీర్ణకోశానికి దీని ఉపయోగము కొంత గట్టి పునాది మీద ఉన్నది. భోజనానంతరము కడుపు ఉబ్బరము, స్వల్పముగా నొప్పి ఉన్నప్పుడు రోజ్‌మేరీ ఆకు కషాయమును ఐరోపా ఔషధ సంస్థ చిరకాలపు వాడుకనుబట్టి అంగీకరించినది. ఎండిన ఆకు ఒకటి రెండు గ్రాములు, మరిగే నీరు 150 మిల్లీలీటర్లు. మూతపెట్టి పది నిమిషాలుంచి వడగట్టి తాగడము, రోజుకు రెండు మూడుసార్లు. మన ఇండ్లలో వాము నీరు చేసే పనే ఇది. వాము ఉన్న ఇంట దీనికొరకు వెదకనవసరము లేదని నాకు తోస్తుంది. పిత్తాశయములో రాళ్లున్నవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగక ఈ కషాయము తాగరాదు. గర్భిణులు కూరలో వేసిన మేరకు తినవచ్చును. కషాయముగాను, తైలముగాను వాడరాదు.

ఇంట్లో రోజ్‌మేరీ నూనె చేసి సీసాలో నిలువ ఉంచడము మరొక అలవాటు. పచ్చి రెమ్మలను, అందులోను వెల్లుల్లిని కలిపి, నూనెలో ముంచి గట్టు మీద నెలల తరబడి ఉంచరాదు. పచ్చి ఆకుతో, వెల్లుల్లితో మట్టిలోని ఒక జాతి సూక్ష్మజీవులు రావచ్చును. గాలి సోకని నూనెలో అవి పెరిగి బాటులిజమ్ అనే భయంకరమైన వ్యాధిని కలిగించే విషము పుట్టించగలవు. ఆ విషానికి రంగు, రుచి, వాసన ఏవీ లేవు. పూర్తిగా ఎండిన ఆకునే వాడవలె. పచ్చి ఆకుతో చేసిన నూనెను చల్లని పెట్టెలో ఉంచి మూడు నాలుగు దినాలలో ముగించవలె.

చివరకు తైలపు సీసా సంగతి. హైదరాబాదు ఇండ్లలో జలుబు చేసినప్పుడు జిందా తిలిస్మాత్‌ను టీలో చుక్కలు వేసుకొని తాగే అలవాటు మూడు నాలుగు తరాలుగా ఉన్నది. ఆ మందుకు దాని పెట్టె మీద మోతాదు వ్రాసి ఉంటుంది. సౌందర్య సామగ్రిగా అమ్మే రోజ్‌మేరీ తైలము లోపలికి తీసుకొనుటకు చేసినది కాదు. ఒక సీసాతో పట్టిన అలవాటును మరొక సీసాకు మార్చరాదు. కర్పూరము మోతాదు మించి లోపలికి పోతే మూర్ఛలు వస్తవి. మూర్ఛవ్యాధి ఉన్నవారు ఈ తైలానికి దూరముగా ఉండవలె. రెండేండ్లు, మూడేండ్లు నిండని బిడ్డల మాడుకు, ఛాతీకి, ముక్కు దగ్గర దీనిని రాయనే రాయరాదు. ఘాటుకు వారి శ్వాస బిగుసుకొనవచ్చును. పూజగదిలోని కర్పూరము, బట్టల పెట్టెలోని కలరా ఉండలు పిల్లలకు అందకుండ ఎట్లు దాచుతామో ఈ సీసానూ అట్లే దాచవలె. పొరపాటున బిడ్డ తాగినట్లు తెలిస్తే వాంతి చేయించుటకు ప్రయత్నించరాదు. తైలము ఊపిరితిత్తులలోనికి పోయే ప్రమాదమున్నది. మూర్ఛ వచ్చేదాకా వేచి చూడక వెంటనే 108కు తెలియజేసి, ఆ సీసాను కూడ వెంట తీసుకొని, దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి చేరుకొనవలె.